యాభై వేలకు గేదె రాదు

అప్పుల పుస్తకం తెరిచి చూస్తే అంతా సవ్యంగానే ఉంది. 10 మంది సభ్యులున్న పొదుపు సంఘం. మనిషికి నెలకు 200 చొప్పున ఆరేళ్లు పొదుపు చేసింది, అంటే సొంత పొదుపే 1,44,000. మూడో విడత బ్యాంకు లింకేజీ కింద 5,00,000 అప్పు వచ్చింది, తలా 50,000 పంచుకున్నారు. ‘ప్రయోజనం’ అన్న గడిలో నలుగురికి పాడి గేదె, ముగ్గురికి కిరాణా, ఇద్దరికి చీరల వ్యాపారం, ఒకరికి కుట్టు మిషను అని రాసి ఉంది. ఆరు నెలల తర్వాత ఊళ్లో చూస్తే కొత్తగా వచ్చిన గేదె ఒక్కటే. కిరాణా కొట్లు ఎప్పుడూ ఉండే రెండే. కుట్టు మిషను కొన్నారు, కానీ గుడ్డ కప్పి మూలన పెట్టారు. వాయిదా మాత్రం ఒక్క నెల కూడా తప్పలేదు.

ఇది ఏ ఒక్క ఊరి సంఘమూ కాదు. సంఘాల పుస్తకాలు రాసే వీవోఏలకు (గ్రామ సమాఖ్య సహాయకులకు), ఊళ్లోని సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్య రుణ కమిటీలకు పనికొచ్చేలా, తరచూ ఎదురయ్యే సంగతుల్ని ఒకచోట కూర్చిన కేసు. ధరలు కూడా లెక్క పట్టడానికి తీసుకున్నవే. మీ మండలం ధరలు పెట్టుకుని మళ్లీ వేసుకోండి, లెక్క నడిచే తీరు మారదు.

నాలుగో సభ్యురాలి యాభై వేలు

గేదె అని రాయించుకున్న నలుగురిలో ఒకామె, పుస్తకంలో నాలుగో నంబరు. పాడి మీద ఆశ లేకకాదు. రెండు పూటలా పాలు పిండటం వచ్చు, ఎకరం వరి ఉంది కాబట్టి ఎండుగడ్డి కొననక్కర్లేదు. కానీ రెండో ఈతో మూడో ఈతో అయిన గ్రేడెడ్ ముర్రా (ముర్రా జాతితో మెరుగుపరచిన సంకర గేదె) 85,000 పలుకుతోంది. చేతికొచ్చింది 50,000. మిగతా 35,000 ఎక్కడి నుంచి వస్తుందని, ఎవరికి ఎంత, దేనికి అని అప్పు ప్రణాళిక రాసిన రోజు ఎవరూ అడగలేదు.

సగం డబ్బు ఇంట్లో ఉంటే నిలవదు. మొదటి వారంలోనే 20,000 పాత అప్పుకి పోయింది. నూటికి మూడు చొప్పున తెచ్చిన అప్పు అది, నెలకు 600 వడ్డీ కడుతూ వస్తోంది. కొడుకు కాలేజీ ఫీజుకి 12,000. జూన్ వచ్చేసరికి విత్తనాలకి, ఎరువులకి 8,000. మిగిలిన 10,000తో గేదె ఎలాగూ రాదు కాబట్టి అదీ ఇంటి ఖర్చుల్లో కలిసిపోయింది. గేదె కొన్న ఆ ఒక్కామె సంగతి వేరు. దూడలు అమ్మిన డబ్బు 35,000 ఆమె దగ్గర ముందే ఉంది.

సమాఖ్య తనిఖీలో నాలుగో సభ్యురాలి ఖాతా పక్కన ‘దారి మళ్లింపు’ అని రాశారు. మొత్తం 50,000కీ అదే మాట. ఇక్కడ ఆగి చూడాలి. ఆ 50,000లో అన్నిటికంటే తెలివిగా ఖర్చయింది పాత అప్పు తీర్చిన 20,000. నెలకు 600 పోయే చోట, బ్యాంకు వడ్డీ 10 శాతం వేసుకున్నా మొదటి నెలల్లో 167కు మించదు. ఏ వ్యాపారమూ చెయ్యకుండానే నెలకు 433 మిగులు. గేదె వచ్చి ఉన్నా మొదటి ఏడాది అంత నికరంగా మిగిలేదని చెప్పలేం. ఆ లెక్క కింద ఉంది.

పైగా ఆ ఖర్చు నిబంధనలకు విరుద్ధమూ కాదు. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింద సంఘాలకిచ్చే అప్పులపై రిజర్వు బ్యాంకు సూచనల్లోనే అధిక వడ్డీ అప్పుల మార్పిడి, ఇంటి మరమ్మతు, మరుగుదొడ్డి, కుటుంబపు సామాజిక అవసరాలు ఒప్పుకున్న ప్రయోజనాలుగా ఉన్నాయి. ఉన్న పరిమితి వేరే. అప్పు 2 లక్షలు దాటితే కనీసం సగం, 4 లక్షలు దాటితే కనీసం 75 శాతం ప్రధానంగా ఆదాయం తెచ్చే పనులకు వాడాలి. 5,00,000 అప్పులో 3,75,000 సంపాదన పనులకు పోతే, మిగతా 1,25,000 పాత అప్పులకీ ఫీజులకీ నిక్షేపంగా రాసుకోవచ్చు.

మరి ఎందుకు దాచారు? ‘అప్పు తీర్చడానికి అప్పు’ అని రాస్తే బ్యాంకు ఇవ్వదన్న భయం సంఘాల్లో పాతుకుపోయింది. వీవోఏ కూడా పని తొందరగా తేలాలని కిందటి విడత కాగితం చూసి గేదె, కిరాణా, చీరలు అని నింపేస్తుంది. డబ్బు దారి తప్పింది సభ్యురాలి ఇంట్లో కాదు. ఆ గడిలో అబద్ధం రాసిన పూటే తప్పింది. అసలు అవసరం కాగితం మీద లేకపోతే తర్వాత ఎంత తనిఖీ చేసినా పట్టుబడేది కాగితానికీ నిజానికీ ఉన్న తేడాయే.

నూటికి నూరు వసూలు చెప్పనిది

ఈ సంఘం 36 నెలల గడువుకి ఒప్పుకుంది. 10 శాతం వడ్డీకి 5,00,000 మీద నెల వాయిదా 16,134, మనిషికి 1,613. ఒక్కటీ తప్పలేదు కాబట్టి బ్యాంకు దృష్టిలో ఇది మంచి సంఘం. నాలుగో సభ్యురాలు ఆ 1,613 ఎలా కట్టిందో చూస్తే నాలుగు నెలలు కూలి డబ్బుతో, కూలి లేని రెండు నెలలు వారపు ఫైనాన్సు దగ్గర తెచ్చి. అంటే తీరిపోయిన పాత అప్పు స్థానంలో కొత్తది మొలిచింది. వసూలు శాతం చూసి వాడకం బాగుందనుకోవడం చాలా పాత పొరపాటు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ రుణ సంస్థల మీద 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చేనాటికి కూడా ఆ సంస్థల వసూలు అంకెలు ఘనంగానే కనపడేవి. ఒక అప్పుతో ఇంకో అప్పు వాయిదా కడుతున్నారన్న సంగతి ఆ అంకెల్లో కనపడలేదు.

అదే 5,00,000కి మళ్లీ ప్రణాళిక

సూక్ష్మ రుణ ప్రణాళిక రాసే సమావేశంలో మొదటి ప్రశ్న ‘ఏం వ్యాపారం చేస్తావు’ కాకూడదు. ‘ఇప్పుడు ఎవరికి ఎంత బాకీ, నూటికి ఎంత వడ్డీ, ఏమైనా తాకట్టు ఉందా’ అని అడగాలి. అందరి ముందూ చెప్పడానికి మొహమాటపడతారు కాబట్టి, సమావేశానికి రెండ్రోజుల ముందే వీవోఏ ఇల్లిల్లూ తిరిగి రాసుకోవాలి. రెండో ప్రశ్న, రాబోయే 12 నెలల్లో తప్పనిసరి ఖర్చులేమిటి, ఏ నెలలో? ఫీజు, పురుడు, పెళ్లి, విత్తనాలు. ఈ రెండూ తేలాకే వ్యాపారం మాట. ఈ వరస తిరగబడితే గడి నిండుతుంది కానీ నిజం బయటికి రాదు.

అలా అడిగితే తేలింది ఇది. ముగ్గురికి నూటికి రెండు మూడు రూపాయల అప్పులున్నాయి: 40,000, 35,000, నాలుగో సభ్యురాలికి 20,000. కలిపి 95,000. ఒకామెకు కూతురి నర్సింగు ఫీజు 30,000. ఇక్కడికి 1,25,000. మిగతా 3,75,000లో రెండు గేదెలకి (ఒకటి నాలుగో సభ్యురాలికే) 95,000 చొప్పున 1,90,000, ఉన్న కిరాణా కొట్టులో సరుకు పెంచడానికి 60,000, కౌలు మీద కూరగాయలకి 50,000, టిఫిన్ బండికి 40,000, మోటారు కుట్టు మిషను, గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను కలిపి 35,000. పదో సభ్యురాలు ఈ విడత అప్పు వద్దంది. తొమ్మిది మందికే వెళ్లింది, ఎవరికీ సమానంగా వెళ్లలేదు.

సమాన పంపకం వదిలించడమే ఇందులో కష్టమైన పని. ‘ఆమెకు లక్షా పదిహేను వేలు, నాకు ముప్పయ్యా’ అన్న మాట తప్పకుండా వస్తుంది. దానికి జవాబు ఒక్కటే. ఎవరెంత తీసుకుంటే వారి వాయిదా అంతే అని అందరి ముందూ చదివి వినిపించడం. అప్పు తీసుకోని పదో సభ్యురాలి నెల వాయిదా సున్నా అని విన్నాక సగం గొడవ తగ్గుతుంది. మిగతా సగం పూచీ గురించి. ఒకరి దగ్గర పెద్ద మొత్తం ఉంటే, ఆమె ఆగిపోతే అందరి మీదా పడుతుందన్న భయం న్యాయమైనదే. దానికి మాటలు చాలవు, గేదె లెక్క చూపాలి.

గేదె తన వాయిదా తాను కట్టుకుంటుందా

95,000లో గేదె ధర 85,000. బీమా ధరలో 4 శాతం వేసుకుంటే 3,400. వ్యాను బాడుగ 3,000. మొదటి నెల దాణా, తాళ్లు, తొట్టి 3,600. ఈ చివరి రెండూ ప్రణాళికల్లో ఎప్పుడూ ఉండవు. గేదె ఇంటికొచ్చిన రోజే దాణాకు డబ్బు లేక ఎండుగడ్డి మీద నిలబెడితే వారంలో పాలు తగ్గుతాయి. పాల కేంద్రం బిల్లు పది రోజులకో పదిహేను రోజులకో గానీ చేతికి రాదు.

సగటున రోజుకు 6 లీటర్లు ఇస్తుందనుకుందాం. ఇంటికి ఒకటి పోను 5 లీటర్లు కేంద్రానికి. వెన్నశాతాన్ని బట్టి లీటరుకు 50 పడితే నెలకు 7,500. దాణా లెక్క: ఒంటి పోషణకు కిలో, ప్రతి రెండు లీటర్ల పాలకు మరో కిలో, మొత్తం 4 కిలోలు. కిలో 28 చొప్పున నెలకు 3,360. ఖనిజ మిశ్రమం, నట్టల మందు, చిల్లర వైద్యం 300. చేతిలో మిగిలేది 3,840. ఎండుగడ్డి సొంతది, పచ్చిమేత గట్ల మీదది, మనిషి కష్టానికి వెల కట్టలేదు. ఇవి కూడా వేస్తే లెక్క అక్కడే మూతపడుతుంది.

నాలుగో సభ్యురాలి మొత్తం అప్పు గేదెకి 95,000, పాత అప్పుకి 20,000 కలిపి 1,15,000. 36 నెలలైతే వాయిదా 3,711. పాలిచ్చే నెలల్లోనే 129 మిగులుతుంది. ఇది నడిచే లెక్క కాదు. మూడో విడత అప్పుకి 48 నుంచి 60 నెలల గడువు అడిగే వీలు రిజర్వు బ్యాంకు సూచనల్లోనే ఉంది. 36కి సంతకం పెట్టింది ఎవరూ అడగకపోవడం వల్లే. 48 నెలలు తీసుకుంటే వాయిదా 2,917, పాలున్న నెలల్లో 923 మిగులు.

వట్టిపోయిన నెలల మాటేమిటి? ఈతకూ ఈతకూ మధ్య 15 నెలలు అనుకుంటే పాలు 10 నెలలు, వట్టి 5 నెలలు. వట్టి నెలల్లో దాణా కిలోన్నరకు తగ్గినా నెలకు 1,260, మందులు 300. వాయిదా కలిపితే నెలకు 4,477, ఐదు నెలలకి 22,385. పాలున్న పది నెలల్లో దాచింది 9,230. తక్కువ పడేది 13,155.

ఈ 13,155 ఎక్కడి నుంచి వస్తుందో ప్రణాళికలో రాయకపోతే అది తిరిగి వారపు ఫైనాన్సు నుంచే వస్తుంది. ఈ కేసులో దానికి జవాబు ఉంది. పాత అప్పు తీరడంతో నెలకు 600 వడ్డీ తప్పింది, 15 నెలలకు 9,000. ఆ డబ్బు ఇంతకుముందు కూలి నుంచి పోయేది, ఇప్పుడూ అలాగే పక్కన పెట్టాలి. మిగిలిన 4,155 అంటే నెలకు 277, అది కూలి నుంచి. గేదె ఒక్కటే తన వాయిదా తాను కట్టుకోదు, దాని అప్పులో కొంత భాగాన్ని పాత వడ్డీ ఆగడం మోస్తోంది. అప్పు మార్పిడినీ గేదెనూ విడివిడిగా చూస్తే ఇది కనపడదు. నెలకు 877 చొప్పున సంఘం ఖాతాలో ఆమె పేరున వేరే పద్దుగా జమ చేయించాలని, పాలున్న నెలల మిగులు 923 కూడా అందులోనే పడాలని తీర్మానం రాయాలి. వడ్డీ రాయితీ వస్తే మంచిదే. వచ్చాక చూసుకోవాలి గానీ లెక్కలో ముందే కలపకూడదు.

ఎద గుర్తించడం ఆలస్యమైతే వట్టి నెలలు ఐదు కాస్తా ఎనిమిది అవుతాయి. గేదెల్లో, ముఖ్యంగా ఎండాకాలంలో, ఎద లక్షణాలు సరిగా బయటపడవు. ఈనిన రెండు నెలల నుంచే పశువుల ఆసుపత్రిలో చూపించి, కృత్రిమ గర్భధారణ సూది వేయించిన తేదీ రాసుకోవాలి. అప్పు తనిఖీ చేసేవాళ్లు ఆ తేదీ అడగడం అలవాటు చేసుకుంటే వసూళ్లకు అంతకు మించిన జాగ్రత్త లేదు.

సంతలో

డబ్బు ఎక్కువగా జారేది ఇక్కడే. పొద్దుటి పాలు పిండకుండా గేదెను సంతకు తోలుకొస్తారు, పొదుగు నిండుగా వేలాడుతుంది. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని దళారులు బేరం ముగిస్తారు. కొనేవాళ్లకు అసలు ధర తెలియనే తెలియదు. అందుకే సభ్యురాలు, ఆమె ఇంటివాళ్లు, పాడి తెలిసిన మరో సభ్యురాలు కలిసి వెళ్లాలి. వీలైతే సంతలో కాకుండా అమ్మేవాళ్ల కొట్టంలోనే చూడాలి. సాయంత్రం, పొద్దున, మళ్లీ సాయంత్రం, వరసగా మూడు పూటలు ఎదురుగా పిండించాలి. ఒక్క పూట ఎక్కువిచ్చి తర్వాత రెండు పూటలు పడిపోయిందంటే పాలు నిలిపి చూపించారన్నమాట. మొదటి నాలుగు ధారలు నల్లగుడ్డ మీద పిండితే పొదుగువాపు గడ్డలు కనపడతాయి. నాలుగు చన్నులూ విడివిడిగా చూడాలి. దూడ దానిదేనా, దూడను వదలకుండా చేపుతుందా అన్నది కూడా చూడాలి. కొన్ని గేదెలు దూడ పోతే పాలు ఎగబట్టేస్తాయి.

డబ్బు అమ్మేవాళ్ల బ్యాంకు ఖాతాకు సంఘం ఖాతా నుంచే పోవాలి. నగదే కావాలని పట్టుబడితే ఇద్దరు సభ్యులు కలిసి ఇచ్చి, ధర, తేదీ, చెవి ట్యాగు నంబరు వేసి సంతకంతో రశీదు తీసుకోవాలి. ట్యాగు లేని గేదె అయితే ఇంటికి తెచ్చిన వెంటనే వేయించాలి. ట్యాగు లేకపోతే బీమా క్లెయిము లేదు. పాలసీ మొదలైన తొలి 15 రోజుల్లో రోగంతో చనిపోయినా సాధారణంగా క్లెయిము రాదు. కాబట్టి గాలికుంటు, గొంతువాపు టీకాలు ఎప్పుడు పడ్డాయో కొనేముందే అడగాలి.

గేదెకి రెండు చూపులు

తనిఖీకి వస్తున్నారంటే పక్కింటి గేదె వచ్చి గుంజకు కట్టుబడుతుంది. ఫొటో తీసుకుంటే సరిపోదు. ట్యాగు మీదున్న 12 అంకెల నంబరు చదివి, మినిట్సు పుస్తకంలో రాసిన నంబరుతో కలపాలి. పశువుల ఆసుపత్రి నమోదులో యజమాని పేరు మారిందో లేదో అడగాలి. మొదటి చూపు కొన్న 15 రోజుల్లోపు. రెండో చూపు 60వ రోజు దాటాక, అది గేదెను చూడటానికి కాదు, పాల చీటీలు చూడటానికి. రెండు నెలల చీటీల్లో లీటర్లు 5 నుంచి 3కి పడిపోయి ఉంటే కారణం చాలాసార్లు దాణాలో ఉంటుంది. డబ్బు గేదెకే వెళ్లింది కానీ గేదె దాణాకి వెళ్లట్లేదు.

మిగతా పనులకు ఇంత తతంగం అక్కర్లేదు. పాత అప్పుకైతే ప్రాంసరీ నోటు వెనక్కి తెచ్చి సంఘం ముందు చింపాలి, తాకట్టు వస్తువైతే విడిపించి చూపించాలి. నోటు వెనక్కి రాని అప్పు తీరినట్టు కాదు. ఫీజు కాలేజీ ఖాతాకే కట్టి రశీదు తేవాలి. కిరాణాకు హోల్‌సేల్ బిల్లులు చాలవు, అరల్లో సరుకు కళ్లతో చూడాలి, ఎందుకంటే ఖాళీ బిల్లు ఊరికే దొరుకుతుంది. మొదటి ప్రణాళికలో మూలన పడిన కుట్టు మిషనుకు కారణం మళ్లింపు కాదు. మిషను ఉంది, ఓవర్‌లాక్ లేదు, అంచు పని కోసం ప్రతి గుడ్డా టౌనుకు పంపాల్సి వచ్చింది. సగం డబ్బు జబ్బే మళ్లీ.

డబ్బంతా ఒకే రోజు పంచకూడదు. క్యాష్ క్రెడిట్ పరిమితిగా మంజూరైతే తీసినంతకే వడ్డీ. కూరగాయల కౌలు డబ్బు నాటే ముందు, ఫీజు గడువు వారంలో, గేదె డబ్బు బేరం కుదిరిన రోజున తీస్తే చాలు. టర్మ్ లోనుగా ఒకేసారి జమైనా సంఘం ఖాతాలోనే ఉంచి, పని సిద్ధమైన వరసలో విడుదల చెయ్యాలి. ఒక హెచ్చరిక: సంఘం పొదుపు మీద లీన్ (డబ్బు తీయకుండా పట్టు) పెట్టడానికీ, అప్పు కోసం డిపాజిట్ అడగడానికీ బ్యాంకుకు వీల్లేదు. 5,00,000 మంజూరై చేతికి 4,50,000 వచ్చిందంటే ఆ ప్రణాళిక మొదటి రోజే 50,000 మేర చిరిగిపోయిందన్నమాట.

ఒకరి పేరున అప్పు, ఇంకొకరి చేతిలో డబ్బు: ఇది నిజమైన మళ్లింపు. సాధారణంగా సంఘం లీడరో, సభ్యురాలి బావగారో ఉంటారు వెనకాల. వాయిదా ఎవరు తెచ్చి కడుతున్నారో మూడు నెలలు గమనిస్తే బయటపడుతుంది. దీనికి రాజీ ఉండకూడదు. మిగిలిన డబ్బు మొత్తం తిరిగి సంఘం ఖాతాకు రప్పించాలి.

అవసరం మారితే అది వేరే సంగతి. రెండో గేదె సభ్యురాలికి నెల రోజులు తిరిగినా 85,000కు తగిన పశువు దొరకలేదనుకుందాం, ఈలోగా ధర 95,000కు పోయింది. అప్పుడు రాసే తీర్మానం ఇలా ఉండాలి: ‘పాడి గేదె కోసం కేటాయించిన 95,000 రూపాయల నుంచి ఈ సభ్యురాలు ఇంకా ఏమీ తీసుకోలేదు. పది గొర్రెలు కొనడానికి 70,000 రూపాయలు ఇవ్వడానికీ, మిగిలిన 25,000 రూపాయలు బ్యాంకుకు ముందస్తుగా జమ చేయడానికీ సభ్యులందరూ ఒప్పుకున్నారు. కొత్త వాయిదా ఇంత అని చదివి వినిపించాము.’ కింద పది సంతకాలు, తేదీ. డబ్బు ఖాతా నుంచి కదిలేది ఆ తర్వాతి రోజు.